కటింగ్ మిషన్ మార్చాలా, మ్యాట్ మారిస్తే చాలా?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో, హాలుకీ వంటగదికీ మధ్యనున్న చిన్న బల్ల మీద, 2019 నుంచి క్రికట్ కంపెనీవారి ఎక్స్‌ప్లోర్ ఎయిర్ 2 కటింగ్ మిషన్ పనిచేస్తోంది. శుభలేఖల మీద అతికించే బంగారు రంగు అక్షరాలు, బారసాల పేర్లు, గృహప్రవేశానికి ఇచ్చే తాంబూలం సంచుల మీది స్టిక్కర్లు, పుట్టినరోజు కేకుల్లో గుచ్చే పేర్లు, పిల్లల బడి ప్రాజెక్టులకు కావలసిన బొమ్మలు అన్నీ ఇన్నేళ్లుగా దాని మీదే కోస్తున్నాను. సరదాగా మొదలుపెట్టిన పని కాస్తా తెలిసినవారి ఆర్డర్లతో చిన్న వ్యాపకంగా మారింది. ఈ ఆషాఢంలో, మూఢం కూడా కలిసివచ్చినట్టు ఆర్డర్లు లేక చేతులు ఖాళీగా ఉన్న రోజుల్లో, ఈ మిషన్‌ను తీసేసి కొత్తది కొనాలా వద్దా అన్న ప్రశ్నతో నెల రోజులు కుస్తీ పట్టాను. అదే సందేహంలో ఉన్నవారికి నా లెక్కలు, పరీక్షలు పనికివస్తాయనిపించి ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా పేరు గురించి ఒక మాట చెప్పాలి. దుకాణానికి వెళ్లి క్రికట్ బ్లేడు కావాలని అడిగితే ఆటల సామాను అమ్మేచోట అడగమనడం నాకు రెండుసార్లు ఎదురైంది. ఒకాయనైతే మధురవాడ స్టేడియం వైపు ఏవైనా దొరకవచ్చని ఎంతో శ్రద్ధగా దారి కూడా చెప్పాడు. కాబట్టి ఇక్కడ దీనిని కంప్యూటర్‌తో నడిచే కాగితం కటింగ్ మిషన్ అని పిలవడమే క్షేమం. చూడటానికి ప్రింటరులాగే ఉంటుంది, కానీ రంగు వేసే చోట చిన్న బ్లేడు ఉంటుంది. కాగితాన్నో, స్టిక్కర్లకు వాడే పల్చని ప్లాస్టిక్ అయిన వినైల్ షీటునో, మ్యాట్ అనే జిగురున్న ప్లాస్టిక్ పలక మీద అతికించి లోపలికి పంపితే, రోలర్లు మ్యాట్‌ను ముందుకూ వెనక్కూ జరుపుతుండగా బ్లేడు అటూ ఇటూ కదులుతూ, మనం కంప్యూటర్‌లో గీసిన గీత వెంటే కోస్తుంది. ఈ బ్లేడుకు సొంతంగా తిరిగే శక్తి లేదు. నాగలి కర్రులాగా గీత ఎటు మళ్లితే అటు ఈడ్చుకుపోతూ దానంతట అదే మళ్లుతుంది. తరువాత చెప్పబోయే సంగతులన్నిటికీ ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలు.

కొత్త మిషన్ ఆలోచన రావడానికి కారణం గత వైశాఖంలో ఒప్పుకున్న నూట యాభై శుభలేఖల పని. ఐవరీ షీటుతో చేసిన పై అట్టకు అంచు పొడవునా మల్లెపూల జాలీ, దాని కింద బంగారు వినైల్‌తో ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ అన్న వరుస కావాలన్నారు. మొదటి పది అట్టలు బాగానే వచ్చాయి. ఆ తరువాత జాలీ మూలల్లో కాగితం తెగకుండా చిరగడం, అంచులకు పీచులు తేలడం, ఒక్కోసారి పువ్వు మొత్తం దారం మందం పక్కకు జరిగిపోవడం మొదలైంది. నూట యాభై పూర్తి చేయడానికి దాదాపు రెండు వందల అట్టలు ఖర్చయ్యాయి. మిషన్‌కు వయసు మీదపడిందని, ఇక దాని పని అయిపోయిందని ఆ రాత్రే తీర్మానించుకున్నాను. కొత్త మోడళ్ల వీడియోలు చూడటం కూడా ఆ రాత్రే మొదలైంది, అదే నేను చేసిన పొరపాటు. ఆ వీడియోల్లో కొత్త బ్లేడుతో, కొత్త మ్యాట్ మీద, పొడిగా ఉన్న కాగితాన్ని కోస్తారు. నేను మాత్రం ఎన్ని నెలలుగా వాడుతున్నానో గుర్తులేని బ్లేడుతో, జిగురు పోయిన మ్యాట్ మీద, కిటికీ పక్కన పెట్టిన కాగితాన్ని కోస్తూ రెంటినీ పోల్చుకుంటున్నాను.

మా ఇంటి నుంచి సముద్రం కూతవేటు దూరం. ఇక్కడ గోడకు కొట్టిన మేకు, గేటు గొళ్లెం, సైకిల్ చైను ఎంత త్వరగా తుప్పు పడతాయో ఈ ఊళ్లో ఉన్నవారికి చెప్పనవసరం లేదు. ఇనుమును తినే గాలి కాగితాన్ని మాత్రం వదులుతుందా? గాలిలోని చెమ్మను పీల్చుకుని కాగితం పీచులు ఉబ్బి మెత్తబడతాయి. పొడి కాగితాన్ని బ్లేడు కోస్తుంది, మెత్తబడిన కాగితాన్ని ఈడుస్తుంది. బ్లేడు కూడా కొంత అరిగి ఉంటే ఆ ఈడ్పులో మూలలు చిరుగుతాయి. మ్యాట్ జిగురు తగ్గితే ఆ ఈడ్పుకు కాగితం కూడా కదులుతుంది. మూడూ కలిసినప్పుడు కనిపించే లక్షణాలన్నీ మిషన్ పాడైనట్టే ఉంటాయి.

ఈ అనుమానం తీర్చుకోవడానికి మూడంగుళాల మల్లెపూల చక్రాన్ని ఒకే డిజైన్‌తో, ఒకే 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) షీటు ముక్కల మీద ఐదుసార్లు కోసి చూశాను. పాత బ్లేడు, పాత మ్యాట్‌తో కోసినప్పుడు శుభలేఖలకు జరిగినదే మళ్లీ జరిగింది. బ్లేడు మాత్రమే మార్చినప్పుడు పీచులు పోయాయి గాని రెండు రేకులు పక్కకు జరిగాయి. పాత బ్లేడును తిరిగి పెట్టి మ్యాట్ మార్చినప్పుడు రేకులు కదలలేదు గాని అంచులు గరుకుగా వచ్చాయి. రెండూ మార్చినప్పుడు తొంభై పాళ్లు సరిపోయింది. ఐదోసారి, అదే షీటులోని మరో ముక్కను చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఒక రాత్రంతా ఉంచి, మర్నాడు పొద్దున్నే తీసి కోశాను. మ్యాట్‌ను బోర్లా తిప్పి, వెనక్కి వంచుతూ ఊడదీసినప్పుడు జాలీలోని చిన్న ముక్కలన్నీ మ్యాట్‌కే అతుక్కుని ఉండిపోయి, చక్రం ఒక్కటే శుభ్రంగా చేతిలోకి వచ్చింది. మిషన్ కొన్న కొత్తలో ఇలాగే వచ్చేది. తప్పు మిషన్‌ది కాదు, దాన్ని వాడిన నాది. ఆన్‌లైన్‌లో చవకగా దొరికిందని తెప్పించుకున్న ఊరూపేరూ లేని మ్యాట్‌ను ఏడాదిన్నర వాడటం కూడా ఆ తప్పులో భాగమే.

మ్యాట్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే కొత్త మిషన్ కొనేవారిలో సగం మందికి కావలసింది కొత్త మ్యాటేనని ఇప్పుడు నా నమ్మకం. క్రికట్ మ్యాట్లలో నీలం రంగుది పల్చని కాగితానికి, ఆకుపచ్చది వినైల్‌కు, మామూలు అట్టకు, ఊదా రంగుది మందపాటి అట్టకు, గులాబీ రంగుది బట్టకు ఉద్దేశించినవి. పల్చని కాగితాన్ని ఊదా మ్యాట్ మీద పెడితే తీసేటప్పుడు చిరుగుతుంది, మందపాటి అట్టను నీలం మ్యాట్ మీద పెడితే కోసేటప్పుడు జరుగుతుంది. పని అయిన వెంటనే మ్యాట్‌తో వచ్చిన ప్లాస్టిక్ పొరను తిరిగి కప్పకపోతే ఊడ్చేటప్పుడు లేచే ధూళి, తలవెంట్రుకలు, మా ఇంట్లోనైతే పోపు ఘాటుతో పాటు వచ్చే నూనె ఆవిరి, అన్నీ దాని మీదే చేరతాయి. గులాబీ మ్యాట్ తప్ప మిగిలిన వాటిని గోరువెచ్చని నీటిలో కొద్దిగా తేలికపాటి సబ్బు కలిపి మెత్తగా రుద్ది కడిగి, నీడన ఆరనిస్తే జిగురు చాలావరకు తిరిగి వస్తుంది. ఎండలో పెట్టకండి, నేను ఒకటి పెట్టాను, అది అప్పడంలా వంగిపోయింది. బ్లేడు విషయంలో, అల్యూమినియం రేకును ఉండగా చుట్టి అందులో బ్లేడు మొనను పదిపదిహేనుసార్లు గుచ్చితే అంటుకున్న కాగితం పీచు, జిగురు వదులుతాయి. దీనితో పదును వస్తుందని కొందరు చెబుతారు గాని, వచ్చేది శుభ్రత మాత్రమే.

కాబట్టి మిషన్ పాడైందన్న కారణం పోయింది. అయినా కోరిక పోలేదు. కోరిక ఒకసారి పుట్టాక కారణాలను అదే వెతుక్కుంటుంది. అందుచేత కొత్త మోడళ్లలో నిజంగా మారినదేమిటో వరుసగా చూశాను. ఎక్స్‌ప్లోర్ ఎయిర్ 2 వచ్చింది 2016లో. 2017లో మేకర్ వచ్చింది. 2021లో ఎక్స్‌ప్లోర్ 3, మేకర్ 3, 2025లో ఎక్స్‌ప్లోర్ 4, మేకర్ 4 వచ్చాయి. ఇందులో ఎక్స్‌ప్లోర్ వంశం ఒకటి, మేకర్ వంశం ఒకటి అని వేరుచేసి చూస్తే తికమక ఉండదు. ఎక్స్‌ప్లోర్ నుంచి ఎక్స్‌ప్లోర్‌కే మారితే ప్రధానంగా దొరికేవి రెండు, వేగం ఒకటి, మ్యాట్ లేకుండా కోయగలగడం మరొకటి. కోత బలం, పెట్టుకునే బ్లేడులు దాదాపు అవే. పాతదానికి ముందు భాగంలో ఉండే కాగితం, వినైల్, అట్ట అని రాసిన గుండ్రటి డయల్ కొత్తవాటిలో లేదు, వస్తువును కంప్యూటర్‌లోనే ఎంచుకోవాలి. ఆ డయల్ లేకపోవడం చిన్న విషయమే అయినా, మా అమ్మాయి పది సంవత్సరాల వయసులో ఎవరి సాయమూ లేకుండా ఈ మిషన్ నడపగలిగింది ఆ డయల్ వల్లనే కాబట్టి నాకు అదంటే ఇష్టం.

మ్యాట్ లేకుండా కోసే సదుపాయం వినడానికి బాగుంటుంది. వెనుక గట్టి పొర ఉన్న స్మార్ట్ మెటీరియల్స్ అనే సొంత రకం వినైల్‌ను నేరుగా రోలర్ల కిందికి పంపి 12 అడుగుల పొడవు వరకు ఒకే ముక్కగా కోయవచ్చు. గోడ మీద పొడవాటి బోర్డర్లు, దుకాణం అద్దాల మీద పేర్లు వేసేవారికి ఇది నిజమైన లాభం. నాకు మాత్రం ఏడాదికి అలాంటి పని రెండో మూడో వస్తుంది. పైగా ఆ వినైల్ 13 అంగుళాల వెడల్పుతో ప్రత్యేకంగా తయారయ్యేది. నేను వాడేది మన రేడియం షాపులవారు వాడే రెండడుగుల వెడల్పు రోల్ నుంచి మీటర్ల లెక్కన కొనుక్కుని నిలువుగా రెండు పాయలు చేసుకునే వినైల్. అది 12 అంగుళాలే ఉంటుంది కాబట్టి దానిని కోయాలంటే ఏ మోడల్‌కైనా మ్యాట్ తప్పదు.

వేగం విషయంలో ఊహల మీద ఆధారపడకుండా ఫోను పక్కన పెట్టుకుని కొలిచాను. శుభలేఖల వినైల్ అక్షరాలు ఒక షీటుకు ఆరు వరుసలు పడతాయి. షీటును మ్యాట్ మీద అతికించి లోపలికి పంపడానికి 2 నిమిషాలు, మిషన్ కోయడానికి 4 నిమిషాలు, అక్షరాల చుట్టూ, లోపలా ఉన్న అనవసరపు వినైల్‌ను కొక్కెంతో ఊడదీయడానికి 9 నిమిషాలు, ట్రాన్స్‌ఫర్ టేపుతో అట్ట మీదికి ఎక్కించడానికి 5 నిమిషాలు, మొత్తం 20 నిమిషాలు పట్టింది. నూట యాభై అట్టలకు ఇరవై ఐదు షీట్లు, అంటే 500 నిమిషాలు. మిషన్ రెండింతలు వేగంగా కోస్తే షీటుకు 2 నిమిషాల చొప్పున 50 నిమిషాలు ఆదా అవుతాయి. మిగిలిన 450 నిమిషాలూ మిషన్‌వి కావు, నా వేళ్లవీ నా నడుమువీ. ఆ 4 నిమిషాల్లో కూడా నేను మిషన్‌ను చూస్తూ కూర్చోను, ముందు షీటులోని ముక్కలను ఊడదీస్తూ ఉంటాను. కాబట్టి ఆదా నిజానికి ఆ యాభై నిమిషాలు కూడా కాదు. రోజుకు పదిమందికి ఆర్డర్లు పంపేవారి లెక్క వేరుగా ఉండవచ్చు. ఇంట్లో ఒంటిచేత్తో చేసుకునేవారికి మిషన్ వేగం మీద పెట్టే డబ్బు కన్నా, మంచి కొక్కెం, దీపం ఉన్న భూతద్దం మీద పెట్టే డబ్బు ఎక్కువ ఫలితం ఇస్తుంది.

ఆ 9 నిమిషాలు ఎందుకు పడతాయో తెలుగు అక్షరాలు కోసినవారికే తెలుస్తుంది. వీడియోల్లో చూపించే ఇంగ్లీషు గొలుసుకట్టు రాతలో పేరంతా ఒకే తీగగా కలిసి ఉంటుంది, ఒక కొస పట్టుకుని లాగితే చుట్టూ ఉన్నది వచ్చేస్తుంది. మన ‘అవిఘ్నమస్తు’ను తీసుకోండి. ఘ కింద న ఒత్తు విడి ముక్క, స కింద త ఒత్తు విడి ముక్క. స మీది తలకట్టు చాలా ఫాంట్లలో అక్షరానికి అంటకుండా ఉంటుంది, అక్కడ కొమ్ము వస్తే మరో సంగతి. అక్షరం ఎత్తు అరంగుళం అయితే ఒత్తు ఎత్తు వరిగింజంత కూడా ఉండదు. పక్కనున్న అనవసరపు వినైల్‌ను లాగినప్పుడు అది దానితో పాటే లేచిపోతుంది, లేచిపోయిందని అట్ట మీద అతికించాక గాని కనిపించదు. ఒకసారి ఒక పెళ్లివారి అట్ట మీద త ఒత్తు పోయి ‘శుభమసు’ అని మిగిలింది. దానిని మొదట పట్టుకున్నది పెళ్లికూతురి తాతగారు, ఆయన రిటైరైన తెలుగు మాస్టారు.

ఈ ఇబ్బందిని ఏ కొత్త మిషన్ కూడా తీర్చదు. తీర్చేది డిజైన్ చేసేటప్పుడు తీసుకునే జాగ్రత్త. నేను తెలుగు మాటలను క్రికట్ వారి సాఫ్ట్‌వేర్ అయిన డిజైన్ స్పేస్‌లో నేరుగా టైపు చేయను. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, ఒత్తులూ గుణింతాలూ సరిగా కూర్చున్నాయో లేదో చూసుకుని, అక్షరాలను గీతలుగా మార్చి, గీతలను గీతలుగానే ఉంచే ఎస్‌వీజీ ఫైలుగా దాచి అప్పుడు పైకి ఎక్కిస్తాను. ఫాంట్లలో రామభద్ర, రామరాజ వంటి లావు రాతలు చిన్న సైజులో కూడా నిలుస్తాయి. సూరన్న వంటి సన్నని రాత కంటికి ఎంత ఇంపుగా ఉన్నా అంగుళానికి తక్కువైతే వేళ్లకు నరకం. కేకు మీద గుచ్చే పేరైతే ఒత్తులను, తలకట్లను అసలు అక్షరానికి సన్నని వంతెనతో కలిపి, అంతా ఒకే ఆకారమయ్యేలా వెల్డ్ చేయాలి, లేకపోతే ‘లక్ష్మి’లో మ ఒత్తు కేకు పెట్టెలోనే రాలిపోతుంది. స్టెన్సిల్ అయితే తలకిందులు వ్యవహారం, అక్కడ సున్న లోపలి గుండ్రం వంటి ముక్కలు వాటంతటవే ఊడిపోతాయి కాబట్టి వాటిని అంచుకు కట్టివేయాలి. ముక్కలన్నిటినీ ఎంచుకుని, వాటిని ఉన్నచోటే కట్టిపడేసే అటాచ్ నొక్కడం మరచిపోతే డిజైన్ స్పేస్ కాగితం పొదుపు చేద్దామని ముక్కలను తనకు నచ్చినట్టు సర్దుతుంది. అలా నేనొకసారి అక్షరాలు ఒక వరుసలో, ఒత్తులన్నీ గోళీల్లా మరో మూలలో ఉన్న షీటును చేతికి తీసుకున్నాను. తప్పు నాదే గాని, ఆ షీటును మా ఇంట్లో ఇప్పటికీ తలచుకుని నవ్వుతారు.

సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి, ఈ మిషన్ల విషయంలో నాకున్న అసలైన భయం అక్కడే ఉందని చెప్పాలి. ఇనుము, మోటార్లు చాలాకాలం నిలుస్తాయి. కానీ ఈ మిషన్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తుంది, ఆ సాఫ్ట్‌వేర్ చాలా పనులకు ఇంటర్నెట్ అడుగుతుంది. ముందుగా డౌన్‌లోడ్ చేసిపెట్టుకున్న డిజైన్లను కంప్యూటర్‌లో ఆఫ్‌లైన్‌గా కోసుకునే వీలుంది గనుక తుపాను రోజుల్లో పూర్తిగా చేతులు కట్టేసినట్టు ఉండదు. భయానికి కారణమూ ఉంది, క్రాఫ్ట్ రూమ్ అనే తన పాత సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ 2018లో మూసివేసింది. 2021 మార్చిలో, నెలకు 20 సొంత డిజైన్లు మించి ఎక్కించాలంటే చందా కట్టాలని ప్రకటించి, వాడుకరులు గగ్గోలు పెట్టడంతో కొద్దిరోజుల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. నాలాగా ప్రతి తెలుగు మాటనూ బయట తయారుచేసి ఎక్కించేవారికి ఆ నిబంధన అమలై ఉంటే వారానికే కోటా అయిపోయేది. ఎయిర్ 2 ఇప్పటికీ డిజైన్ స్పేస్‌తో ఏ లోటూ లేకుండా పనిచేస్తోంది. అది ఆగిపోయే రోజు వస్తే మార్చక తప్పదు, ఆ రోజు రాకముందే భయంతో మార్చడం మాత్రం అనవసరం.

ఇక మేకర్ వంశం సంగతి. నన్ను నిజంగా ఊగిసలాటలో పడేసింది ఇదే, దానికి కారణం గాజువాకలో కుట్టుపని దుకాణం నడిపే మా వదిన. పట్టు లంగాల అంచుకు, జాకెట్ చేతులకు అతికించి కుట్టే మామిడి పిందెలు, నెమళ్లు, ఏనుగులు ఆమె దుకాణంలో ఇప్పటికీ కత్తెరతోనే కోస్తారు. ఒకరోజు మా ఇంటికి వచ్చి మిషన్ పనిని చాలాసేపు చూసి, “ఏటమ్మా, ఇంత సన్నంగా కాయితం కోస్తాది, గుడ్డ కొయ్యదేటి?” అని అడిగింది. “కోస్తుంది వదినా, కాకపోతే వెనకాల ఫ్యూజింగ్ అంటించి ఇవ్వాలి” అన్నాను. “అయితే నా అమ్మాయిలు ఇస్త్రీ పెట్టె దగ్గరే సగం రోజు నిలబడిపోతారు” అని తేల్చేసింది.

ఆమె మాటలో న్యాయం ఉంది. ఎక్స్‌ప్లోర్ మిషన్‌లో ఈడ్చుకుపోయే బ్లేడు ఉంటుందని మొదటే చెప్పాను. పట్టు, నూలు బట్టలను అది ఈడిస్తే పోగులు లేస్తాయి, అందుకే వెనక ఫ్యూజింగ్ అనే, ఇస్త్రీతో అతుక్కునే గట్టి పొర అంటించాలి. మేకర్‌లో బ్లేడును మిషనే పళ్ల చక్రాలతో తిప్పుతుంది, గుండ్రటి రోటరీ బ్లేడు చపాతీ కట్టర్‌లా దొర్లుతూ బట్టను ఏ పొరా లేకుండా కోస్తుంది. కోత బలం ఎక్స్‌ప్లోర్‌లో 400 గ్రాములైతే మేకర్‌లో 4 కిలోలు, అంటే పది రెట్లు. అట్ట మీద మడత గీతలు గట్టిగా వేసే చక్రం, రంధ్రాల గీతలు వేసేది, లోహపు రేకు మీద చెక్కేది, ఇలా వేరే పనిముట్లు కూడా దానికి పెట్టుకోవచ్చు. శుభలేఖల అట్టలు మడిచే పనికి ఆ మడత చక్రం నాకు బాగా పనికివచ్చేది. ప్రస్తుతం పెన్ను స్థానంలో పెట్టే గీత పుల్లతో నెట్టుకొస్తున్నాను, 300 జీఎస్ఎమ్ మీద దాని గీత పేలవంగానే ఉంటుంది.

కానీ రోటరీ బ్లేడుకూ ఒక హద్దు ఉంది. ముప్పావు అంగుళం కన్నా చిన్న ఆకారాలకు దానిని వాడవద్దని కంపెనీయే చెబుతుంది, చక్రం చిన్న మలుపులో తిరగలేదు. వదిన దుకాణంలోని మామిడి పిందె రెండంగుళాలు ఉంటుంది గాని, దాని తోక కొస చుట్టుకునే వంపు పావు అంగుళమే. నెమలి పింఛంలోని కన్ను అంతకన్నా చిన్నది. అంటే పెద్ద ఆకారం రోటరీతోను, లోపలి వంపులు మళ్లీ ఫ్యూజింగ్ వేసి మామూలు బ్లేడుతోను కోయాలి, లేదా డిజైన్‌నే బ్లేడుకు తగ్గట్టు మొద్దుబార్చాలి. మొద్దుబారిన పిందెను వదిన ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను.

మేకర్‌కు మరో ఆకర్షణ చెక్క. నైఫ్ బ్లేడు అనే ప్రత్యేకమైన బ్లేడుతో 2.4 మిల్లీమీటర్ల మందం వరకు బాల్సా, బాస్‌వుడ్ అనే మెత్తని చెక్క పలకలు కోస్తుంది. ఒకే గీత వెంట మళ్లీ మళ్లీ వెళుతూ కొంచెం కొంచెంగా లోతుకు దిగుతుంది కాబట్టి అరచేయంత బొమ్మకు కూడా చాలా సేపు పడుతుంది. ఇంటి పేరు పలకలు చేసిపెట్టమని నన్ను అడిగేవారందరికీ కావలసింది 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసిన పలక) లేదా యాక్రిలిక్. వాటిని ఏ మేకర్ కూడా కోయదు, లేజర్ కటింగ్ చేసేవారి దగ్గరకే వెళ్లాలి. నేను ఫైలు తయారుచేసి ఇస్తే వాళ్లు నిమిషాల్లో కోసి ఇస్తున్నారు, ఆ పనికి ఇంట్లో మరో మిషన్ పెట్టుకోకపోవడమే మేలు. అదే సమయంలో లేజర్ కూడా అన్నీ కోయగలదనుకోవద్దు. మనం స్టిక్కర్లకు వాడే పీవీసీ వినైల్‌ను లేజర్‌తో కాలిస్తే క్లోరిన్ కలిసిన విషవాయువు వస్తుంది, మంచి లేజర్ షాపువాళ్లు దానిని ముట్టుకోరు. కాబట్టి ఒకదాని స్థానం మరొకటి ఆక్రమించే పరిస్థితి లేదు.

ఇతర కంపెనీల మాట క్లుప్తంగా చెబుతాను. సిల్హౌట్ కంపెనీ కామియో మిషన్ సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుంది, ఇది పెద్ద గుణం. అయితే ఉచితంగా ఇచ్చే రకంలో ఎస్‌వీజీ ఫైళ్లు తెరుచుకోవు, డీఎక్స్‌ఎఫ్ అనే మరో రకం ఫైలుగా మార్చుకోవాలి లేదా డబ్బు కట్టాలి. బ్రదర్ స్కాన్ అండ్ కట్‌లో స్కానర్ ఉంటుంది, చేత్తో గీసిన ముగ్గును కాగితం మీద పెట్టి కంప్యూటర్ లేకుండానే కోయించవచ్చు. ముగ్గులు, మెహందీ డిజైన్లు చేత్తో గీసుకునేవారు మొదటి మిషన్‌గా దానిని చూడటం మంచిదని నా అభిప్రాయం. ఏళ్ల తరబడి క్రికట్ బ్లేడులు, మ్యాట్లు, ఫైళ్లు పోగేసుకున్న నాకు ఇప్పుడు కంపెనీ మారడమంటే మళ్లీ మొదటి నుంచీ కాపురం పెట్టడమే.

కొనే పద్ధతిలోనూ కొన్ని చిక్కులున్నాయి. మన ఊరిలో చాలా ఇళ్లలో లాగే మాకూ అమెరికా నుంచి వచ్చేవారు ఉన్నారు, అక్కడి పండుగ తగ్గింపుల్లో కొని సామానులో పెట్టుకొస్తామంటారు. ధర తేడా ఊరిస్తుంది. అయితే మిషన్ బరువు సామాను పరిమితిలో ఎంత తింటుందో, ఇక్కడ చెడిపోతే వారంటీ కాగితం చెల్లుతుందో లేదో ముందుగా చదువుకున్నాకే ఒప్పుకోవాలి. ఇక్కడి దుకాణాల్లో వీటికి ఎక్స్ఛేంజ్ అనేది లేదు, పాతదాన్ని తెలిసినవారికి అమ్ముకోవాలి. ధరలు నెలకోలా ఉంటాయి గనుక అంకె రాయడం లేదు గాని, నా ఆదాయంతో పోలిస్తే మేకర్ కొనడమంటే రెండు పెళ్లి సీజన్ల మిగులు పెట్టడం.

నా నిర్ణయం ఇది. ఎక్స్‌ప్లోర్ నుంచి ఎక్స్‌ప్లోర్‌కు మారను, నా పనిలో దానివల్ల కలిగే తేడా ఖర్చుకు తగినది కాదు. మేకర్ ఆలోచనను సంక్రాంతి దాకా వాయిదా వేశాను. ఈలోగా రెండు ఆకుపచ్చ మ్యాట్లు, ఒక ఊదా మ్యాట్, రెండు బ్లేడులు, మూత బిగుతుగా ఉండే డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, దీపం ఉన్న భూతద్దం కొన్నాను. కొత్త మిషన్ ధరలో ఇది చిన్న భాగమే. బ్లేడు మార్చిన తేదీని ఇప్పుడు మిషన్ మూత లోపలి వైపు పెన్సిల్‌తో రాస్తున్నాను. మీ దగ్గర పాత మేకర్ ఉండి మేకర్ 4 గురించి ఆలోచిస్తుంటే, వేగం, మ్యాట్ లేకుండా కోయగలగడం తప్ప మరే కారణమూ నాకు కనిపించడం లేదు. మీ దగ్గర ఎక్స్‌ప్లోర్ ఉండి రోజూ బట్ట కోసే పని నిజంగా చేతిలో ఉంటే, చిన్న వంపులు లేని పెద్ద ఆకారాలైతే, మేకర్‌కు మారడం సబబే, నాలాగా సంక్రాంతి దాకా ఆగనవసరం లేదు.

పోయిన వారం వదిన పన్నెండు పిందెలకు సరిపడా ఆకుపచ్చ రా సిల్క్ ముక్కను, వెనక ఫ్యూజింగ్ తానే అంటించి పంపింది. కొత్త బ్లేడుతో పాత మిషన్ మీదే కోసి, పాత చీర పెట్టెలో పేర్చి తిప్పి పంపాను. పదింటిని ఉంచుకుని, తోక దగ్గర పోగు లేచిందని రెండింటిని వెనక్కి పంపింది. సంక్రాంతి నాటికి ఆమె పంపే ముక్కల సంఖ్య నెలకు వంద దాటితే అప్పుడు మేకర్ కొంటాను. ఆ రెండు పిందెలు ప్రస్తుతం మిషన్ పక్కనే ఉన్నాయి.